ఈగలకు ఏసీ పెట్టిన మేడం

తెలియని నంబరు నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. అప్పు తీసుకోండి అని వెంటపడే బాపతేమో అనుకుని, నాలుగు తిట్టడానికి గొంతు సవరించుకుని మరీ ఎత్తాను.

"ఏమ్మాయ్, ఎత్తవేంది? మీ మేడం పోయింది," అంది అవతలి గొంతు. నేను నోరు తెరిచేలోపే, "ఇంకో సంగతి. దాని పేరు మీద బెంగళూరు నుంచి ఈగలొచ్చినయి. చిన్న చిన్న గాజు గొట్టాల్లో పెట్టి కొరియర్లో పంపారు. బతికే ఉన్నయి. మూతికి దూది పెట్టారు. ఏసీ గదిలో పెట్టా. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు," అంది.

మాట్లాడింది మేడం వాళ్ళ అక్క. చావు కబురు ఒక్క ముక్కలో, ఈగల కబురు అరడజను ముక్కల్లో చెప్పిందని ఆమెది రాతిగుండె అనుకోవద్దు. మేడం తన చావు కబురు తనే చెప్పాల్సి వచ్చినా ఈ లెక్కలోనే చెప్పేది.

నరసరావుపేటలో ఆమెను 'ఈగల మేడం' అనేవాళ్ళు. కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "నా సీసాలు చూసి పారిపోయారు," అనేది. వీధిలో వాళ్ళకి ఆమె గురించి తెలిసిన పెద్ద విషయం ఒకటే: ఇంట్లో ఉన్న ఒక్క ఏసీ ఈగలకు పెట్టి, తను హాల్లో ఫ్యాను కింద పడుకుంటుంది. పల్నాడు ఎండలు ఎరిగిన వాళ్ళకి ఇది పిచ్చి అని చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

నేను హైదరాబాదులో ఒక కోచింగ్ యాప్‌కి వీడియోలు తీస్తాను. కణవిభజన పాఠం ఆమె చేత చెప్పించి షూట్ చేసుకు రమ్మని మా మేనేజరు పోయిన వేసవిలో నన్ను నరసరావుపేట పంపాడు. బస్సు దిగేసరికే నా బుర్ర వేడెక్కి ఉంది. దానికి తోడు ఆమె తలుపు తీసి, నా మొహం కాకుండా నా చేతిలో ఫోన్ చూసి, "దానికి చిన్నవి పెద్దగా చూపించే లెన్సు ఉందా?" అని అడిగింది. ఉందన్నాను. "అయితే లోపలికి రా," అంది. లేకపోతే ఏం చేసేదో నాకు ఇప్పటికీ తెలియదు.

మా ఆఫీసులో తయారుచేసిన యానిమేషన్ చూపించాను. కణానికి రెండు కొసల్లో రెండు చుక్కలు. వాటి నుంచి పోగులు సాగుతాయి. ఆ పోగులు మధ్యలో ఉన్న క్రోమోజోములను పట్టుకుని చెరో వైపుకి లాగుతాయి. లాగేటప్పుడు మంచి సౌండు కూడా పెట్టాం. ఆమె మొత్తం చూసి, "ఈ పోగులు ఎవరు కట్టారే?" అంది.

"అవి వాటంతట అవే ఏర్పడతాయి మేడం. పుస్తకంలో అట్లాగే ఉంది."

"వాటంతట అవే ఏర్పడేట్టయితే నీకు జీతమెందుకు? మీ వీడియో కూడా దానంతట అదే ఏర్పడుతుందిగా."

నాకు కాలింది. వేలమంది పిల్లలు ఇదే చదివి సీట్లు తెచ్చుకున్నారన్నాను. "సీటొచ్చిన ప్రతివాడికీ తెలిసే వచ్చిందని నీకెవరు చెప్పారు?" అంది. నా చేతిలో ఫోన్ ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏదో ఒకటి విసిరేదాన్ని.

లోపల గదిలోంచి ఒక పెద్దావిడ నవ్వు వినిపించింది. "దానితో వాదం పెట్టుకోకమ్మాయ్. మా నాయనే గెలవలా," అంటూ బయటికొచ్చింది. ఆమే అక్క. బెల్లంకొండ దగ్గర ఊళ్ళో మిరప చేలు కొడుక్కి అప్పగించి, చెల్లెలికి గుండె బాగాలేదని తోడు ఉండటానికి వచ్చింది. నేను ఆమెను పెద్దమ్మా అని పిలవడానికి గంట కూడా పట్టలేదు. మేడంను మాత్రం చివరిదాకా మేడం అనే అన్నాను.

ఇద్దరికీ రోజూ ఒకటే తగువు.

"ఈగలకి ఏసీ, నాకు ఫ్యానా? ఏందే ఈ న్యాయం?"

"ముప్పై డిగ్రీలు దాటితే మగవాటికి పిల్లలు పుట్టరు అక్కా. నీకా భయం లేదుగా."

"ఈ వయసులో నాకెందుకే పిల్లలు! నిద్ర కావాల!"

మేడంకి పోగుల గురించి చెప్పడం మొదలుపెడితే చేతులు ఒకచోట ఉండేవి కావు. "నీ ఫోన్లో కోటప్పకొండ తిరునాళ్ళ వెతుకు," అంది ఆ సాయంత్రం. ఎవరో పెట్టిన వీడియో దొరికింది. తాటిచెట్టుకి మించిన ఎత్తున ప్రభ కడతారు కదా, వెదుళ్ళతో, రంగు గుడ్డలతో, లైట్లతో. దాన్ని నిలబెట్టేటప్పుడు చుట్టూ జనం లావుపాటి మోకులు పట్టుకుని లాగుతుంటారు. ఆమె స్క్రీను మీద వేలు పెట్టింది.

"చూడు. మోకు పట్టుకున్నోడికి ప్రభ ఎటు వంగిందో కనపడదు. అరచేతికి బిగువు తెలుస్తుందంతే. రెండు పక్కలా బిగువు సమానమైందాకా ఎవడూ కదలడు. కణంలోనూ అంతే. కాకపోతే అక్కడ మోకులు కూడా అప్పటికప్పుడు పేనుకోవాల. ఆ పనికి ప్రొటీన్లున్నాయి. ఒకటి పోగుని మొలిపిస్తుంది. ఒకటి పోగుల్ని కట్టగా బిగిస్తుంది. ఒకటి వాటి మీద నడుస్తూ కొసలన్నీ ఒకచోటికి చేరుస్తుంది. ఇంకోటి కూర్చుని చివర కొరుకుతుంటుంది."

"కొరకడం దేనికి మేడం?"

"పేనిన మోకు పేనినట్టే ఉంటే లాగేదెట్టా? పొట్టి కావద్దూ? మన ఆఫీసుల్లోనూ ఉంటారు చూడు, చివర కూర్చుని కొరికేవాళ్ళు. పనికిరారనుకుంటాం."

తర్వాత వీడియోలో జనం మధ్య తెల్లచొక్కా వేసుకుని, నోట్లో విజిల్ పెట్టుకుని, చేతులూపుతున్న ఒక పెద్దమనిషిని చూపించింది. "మీ బొమ్మలో రెండు కొసలా పెట్టిన చుక్కలు ఈయనే. ప్రభ నేనే నిలబెట్టానని ఏడాది పొడుగునా చెప్పుకుంటాడు. ఈయన్ని పక్కకి తీసుకెళ్ళి టీ తాగించు. ఏమవుతుంది?"

"పడిపోతుంది."

"పడదు. కాస్త ఆలస్యంగా, కాస్త అడ్డదిడ్డంగా లేస్తుంది. కానీ లేస్తుంది. పోగులు క్రోమోజోముల పక్కనే మొలుస్తాయి, మిగతా ప్రొటీన్లు కొసలు కూర్చుకుంటాయి. నా దగ్గరున్న ఈగల్లో అదే జరుగుతుంది."

ఇది నేను యథాతథంగా షూట్ చేసి మా మేనేజరుకి పంపాను. ఆయన ఫోన్ చేసి, విజిల్ పెద్దమనిషి ముక్క తీసేయమన్నాడు. "లీడర్ లేకపోయినా పని జరుగుద్దంటే పిల్లలకి రాంగ్ మెసేజ్ వెళ్తుంది," అన్నాడు. మేడంకి చెబితే చాలాసేపు నవ్వింది. ఆ నవ్వుకే ఆయాసం వచ్చి, అక్క మమ్మల్నిద్దర్నీ తిట్టింది.

ఇక ఆ ఈగల సంగతి. అరటిపండ్ల మీద ముసురుతాయే, ఆ చిన్న జాతే. చదువుకునే రోజుల్లో ఒక ల్యాబు నుంచి తెచ్చుకుంది. బొంబాయి రవ్వ, బెల్లం, కాస్త ఈస్టు ఉడకబెట్టి సీసాల అడుగున పోసేది. ఆ వాసనకి ఆదివారం పూట పక్కింటి వాళ్ళు, "మేడం గారింట్లో కేసరి చేస్తున్నారే," అనుకునేవాళ్ళు. ఈగల్ని చూడాలంటే ఐసు మీద స్టీలు పళ్ళెం బోర్లించి, దాని మీద కుమ్మరించేది. చలికి అవి సొమ్మసిల్లి పడుకుంటే సన్నటి కుంచెతో అటూ ఇటూ జరిపేది. కొన్నింటికి రెక్కలు తిన్నగా ఉంటాయి. కొన్నింటికి పైకి వంకర తిరిగి ఉంటాయి.

తిన్నని రెక్కల వాటిలో సెంట్రోసోమిన్ అనే ప్రొటీను పనిచేయదు. విజిల్ పెద్దమనిషికి ఆ హోదా కట్టబెట్టే ప్రొటీను అదే. అది లేకపోయినా ఈగ పుడుతుంది, పెరుగుతుంది, ఎగురుతుంది, చూడముచ్చటగా కూడా ఉంటుంది. కానీ అలాంటి తల్లి పెట్టిన గుడ్లలోంచి మాత్రం పురుగులు రావు. గుడ్డు మొదటి గంటల్లో గోడలు లేకుండా వందల కేంద్రకాలు ఒక్కసారే, మహా తొందరగా విడిపోవాలి. "అంత తొందర్లో మాత్రం విజిల్ కావాలే," అనేది మేడం, ఎవరికో అన్యాయం చేయకూడదన్నట్టు. వంకర రెక్కల వాటిలో ఆ ప్రొటీనుకి మంచి జన్యువు ఒకటి ఉంటుంది. వంశం నిలబెట్టేది అవే.

అయితే చాలా ఏళ్ళ కిందట, తిన్నని రెక్కల తల్లి ఒకదాని గుడ్లలోంచి పురుగులు రావడం ఆమె చూసింది. రాకూడదు. వచ్చాయి. తన రీసెర్చి గైడుకి చూపిస్తే ఆయన గది నిండా ఉన్న వాళ్ళ ముందు, "మీ నరసరావుపేట వంటింటి ఈగ ఏదో సీసాలో దూరి ఉంటుందమ్మా," అన్నాడట. వంటింట్లో పండ్ల మీద వాలే అదే జాతి మామూలు ఈగ రెక్కలూ తిన్నగానే ఉంటాయి, చూసి తేడా పట్టలేం. తేల్చుకునేలోపే ఆ సీసాకి బూజు పట్టి పోయింది. అప్పటి నుంచి ఆమెకి కావలసింది ఒక్కటే: తను చూసింది నిజమా, వంటింటి ఈగా అన్నది తేలాలి. అందుకోసం అన్ని వేసవులూ ఆ ఈగల్ని ఏసీలో పెట్టి, తను ఉడికిపోయింది.

"మళ్ళీ తెప్పించుకోవచ్చుగా, లోకంలో ఇవి ఇంకెక్కడా లేవా?" అన్నాను.

"బోలెడు ల్యాబుల్లో ఉన్నాయి. ఆయన నాకు వంటింటి ఈగ అంటగట్టింది మాత్రం వీటిని చూసే."

షూటింగ్ సగంలో ఉండగా ఆమెకి గుండెలో నొప్పి వచ్చింది. గుంటూరు ఆసుపత్రిలో చేర్చాం. తన దగ్గర నేను ఉన్నాను కదా అని, ఇంటి దగ్గర ఈగల్ని చూసుకోమని మేడం అక్కని పంపించేసింది. కొత్త మేత చేసి, కొన్ని ఈగల్ని కొత్త సీసాల్లోకి మార్చమని మాత్రమే చెప్పింది.

ఇంటికి తిరిగొచ్చాక అక్క గర్వంగా ఏసీ గది తలుపు తీసింది. సీసాలు తళతళలాడుతున్నాయి.

"ఏమే, ఎట్టా పెంచుతున్నావే వీటిని? సగానికి పైన తాలే! రెక్కలు వంకరపోయి, చూడ్డానికే అసయ్యంగా. నువ్వు చేసినట్టే పళ్ళెం మీద పోసి, మొత్తం ఏరి పారేశా. మంచియ్యన్నీ కొత్త సీసాలో ఏశా. పాత సీసాలు మరిగే నీళ్ళతో తోమి ఎండలో పెట్టా."

కల్లంలో మిరపకాయల కుప్ప ముందు కూర్చుని తెల్లబోయిన తాలుకాయని కంటితో పట్టే మనిషి ఆమె. చేతికి అలవాటైన పని చక్కగా చేసింది. వంశం నిలబెట్టే ఈగ ఒక్కటి కూడా మిగల్లేదు.

నేను అరిచాను. "పెద్దమ్మా! ఎవరు చెప్పారు మిమ్మల్ని ఏరమని?"

"ఏరకుండా ఇత్తనం ఎట్టా ఏస్తారమ్మా?" అంది ఆమె, నిజంగానే అర్థం కాక.

మేడం మంచం అంచున కూర్చుని సీసాను వెలుతురుకి పట్టి చూసింది. "అక్కననకే. అది సరిగ్గానే ఏరింది. ఒక్క వంకర రెక్క కూడా లేదు, చూడు. నా స్టూడెంట్లు ఎవరూ ఇంత శుభ్రంగా ఏరలేదు," అంది. తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రోజు భోజనం చేయలేదు. అక్కకి విషయం చెప్పింది నేనే. ఆమె వంటింట్లోకి వెళ్ళి, చాలాసేపు గిన్నెలు తోమిన చప్పుడు చేసింది.

షూటింగ్ పూర్తయ్యేదాకా నేను అక్కడే ఉండిపోయాను. కొన్నాళ్ళకి, పాఠంలో ఎక్కడైనా వాడుకుందామని ఆ సీసాను ఫోన్ లెన్సుతో తీస్తుంటే, మేతలో సన్నగా గీతలు కనిపించాయి. ఏదో పాకిన దారులు. కొస దగ్గర నల్లటి నోరుతో తెల్లటి పురుగు ఒకటి తొలుచుకుంటూ పోతోంది.

"మేడం!"

ఆమె వచ్చి నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. నా ఫోన్ ముట్టుకుంటే ఊరుకునే రకం కాదు నేను. ఊరుకున్నాను.

"వంటింటి ఈగే అయ్యుంటుంది," అంది ముందుగా. గైడు మాటే. కానీ ఫోన్ మాత్రం తిరిగివ్వలేదు.

అక్క గుమ్మంలో నిలబడి, "నే ఏరిన ఇత్తనం మొలిచిందా?" అంది.

పురుగులు పెరిగి ఈగలయ్యాయి. అన్నిటివీ తిన్నని రెక్కలే. వాటిలో ఆడవాటిని ఒక్కోదాన్ని ఒక్కో చిన్న సీసాలో, ఒక్కో మగదానితో జతచేసి పెట్టించింది. దూరి వచ్చింది వంటింటి ఈగే అయితే దాని కూతుళ్ళ గుడ్లలోంచి మామూలుగా పురుగులు వస్తాయి. కాదు, ఆ తల్లి అసలైనదే, ఎట్లాగో ఒక్కసారి కనగలిగిందీ అంటే, కూతుళ్ళలోనూ ఆ ప్రొటీను ఉండదు కాబట్టి వాటి గుడ్లు అట్లాగే ఉండిపోతాయి.

అక్క వేళ్ళు ముడుస్తూ విని, "అంటే పిల్లలు పుడితే ఇది ఓడినట్టు, చస్తే గెలిచినట్టా? ఏం చదువే ఇది?" అంది.

"అదేనే చదువు," అంది మేడం.

ఆ తర్వాత ఇంట్లో ముగ్గురం చావు కోసం కాచుకుని కూర్చున్నాం. మధ్యలో ఒక మధ్యాహ్నం వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఫ్యానుకి కూడా కరెంటు లేదు. మేడంకి విసరబోతే, "నన్ను కాదు, వాటిని," అంది. అక్క తడిగుడ్డలు సీసాలకి చుట్టి, విసనకర్ర తీసుకుని, మనవళ్ళకి విసిరినట్టు ఈగలకి విసురుతూ కూర్చుంది. నోరు మాత్రం ఊరుకోలేదు. "మీ అమ్మ కడుపు మాడ, దీన్ని గెలిపించి చావండే," అంటూనే విసిరింది.

చివరికి అన్ని సీసాల్లోనూ గుడ్లు తెల్లగా, బియ్యపు నూకల్లా, పెట్టినవి పెట్టినట్టే ఉండిపోయాయి. ఒక్క గీత లేదు. నేను ప్రతి సీసా లెన్సుతో చూసి, గదిలోనే ఎగిరాను. "మేడం, అన్నీ చచ్చాయి! మీరు గెలిచారు!" ఏదో కబురడగడానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డ పక్కింటావిడ నా మాట విని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

మేడం ఒక్కో సీసా చేతిలోకి తీసుకుని చూసింది. ఆమె మొహం అంత వెలగడం నేను చూడలేదు. వీడియో తీద్దామని ఫోన్ పెట్టాను. "ఆపు," అంది.

"ఎందుకు? ఇప్పుడే పెట్టేస్తా. ఇవాళే లోకమంతా చూస్తుంది."

"మొన్న కరెంటు పోయిందిగా. ఆ వేడికి మగవి పనికిరాకుండా పోయి ఉండొచ్చు. ఇంకెవరన్నా ఇది తెస్తే నేను ఒప్పుకోను. నాది నేనెట్టా ఒప్పుకుంటానే?"

నాకు ఒళ్ళు మండింది. "ఆ గైడు పోయి ఎన్నేళ్ళయిందో! ఇంకెవరికి భయపడుతున్నారు? ఇన్ని వేసవులు దీనికోసమే కదా ఉడికింది? ఇవి కూడా పోయాయి, ఇంకేం మిగిలింది?" అని గట్టిగానే అరిచాను.

ఆమె సీసాలు ఒక్కోటీ తిరిగి వరసలో పెట్టింది. అక్కే అంది: "దీనికి చిన్నప్పట్నుంచీ ఇదే రోగం. అష్టాచెమ్మాలో గెలిచేదే. గెలిచి కూడా, గవ్వ అంచు మీద నిలబడిందేమో, మళ్ళీ ఏస్తా అనేది. ఓడిపోయినోళ్ళం మేము కొట్టబొయ్యేవాళ్ళం."

మేడం నవ్వి, "మెయిల్ కొట్టు," అంది నాతో. బెంగళూరులో ల్యాబు నడుపుతున్న పాత స్నేహితురాలికి. ఆమె చెబుతుంటే నా ఫోన్లో నేనే టైపు చేశాను. ఆ రకం ఈగలే మళ్ళీ కొన్ని పంపమని, తన దగ్గరివి తన అక్క చాలా శ్రద్ధగా ఏరిందని. "శ్రద్ధగా" అన్న మాట నేను తీసేస్తే మళ్ళీ పెట్టించింది.

నేను హైదరాబాదు వచ్చేశాను. మా యాప్‌లో పాఠం విడుదలైంది. అందులో పోగులు వాటంతట అవే ఏర్పడతాయి, మంచి సౌండుతో. మెయిలుకి జవాబు రాలేదు. స్నేహితురాలు ఊళ్ళో లేదట, చాన్నాళ్ళకి చూసుకుందట. ఏడాది తిరిగి మళ్ళీ ఎండలు ముదిరాయి. ఈగలు వచ్చిన రోజూ, మేడం పోయిన రోజూ ఒకటే.

పెద్దకర్మ రోజు నరసరావుపేట వెళ్ళాను. ఇల్లంతా చుట్టాలు. కర్మకి తెచ్చిన అరటి గెలలు హాల్లో మూలన ఆనించి ఉన్నాయి. మగ్గి, చుట్టూ చిన్న ఈగలు పొగలా లేస్తున్నాయి. పొయ్యి మీద రవ్వా బెల్లమూ ఉడుకుతుంటే ఒక పెద్దాయన గరిటె పట్టుకుని రుచి చూడబోయాడు. "అది మీక్కాదు," అని అక్క గిన్నె పక్కకి లాగేసింది.

నన్ను చూసి ఏడవలేదు. చెయ్యి పట్టుకుని ఏసీ గది దగ్గరికి తీసుకెళ్ళింది. తలుపు కింద సందుకి తడి తువ్వాలు కుక్కి ఉంది. "కొత్తయి పుట్టినయి. వంకరయ్యీ ఉన్నయి, తిన్నంగున్నయ్యీ ఉన్నయి. ఒక్కటి పారేస్తే ఒట్టు. తిన్నంగున్నయ్యి విడివిడిగా పెట్టాలని ఫోన్లో అన్నావుగా, నా కళ్ళకి ఆనట్లా. నువ్వు ఏరు," అని నన్ను లోపలికి తోసి తలుపేసింది.

ఐసు, పళ్ళెం, కుంచె అన్నీ సిద్ధంగా పెట్టి ఉన్నాయి. ఫోన్ పక్కన పెట్టి కూర్చున్నాను. మొదటి తిన్నని రెక్కల ఆడ ఈగని చిన్న సీసాలోకి జరుపుతుంటే బయట గరిటె పెద్దాయన గొంతు వినిపించింది.

"లోపల ఏసీ ఉందంటగా అమ్మాయ్, కాసేపు నడుం వాలుస్తా. ఈ ఉడుక్కి ప్రాణం పోతంది."

"కుదరదు బావా. లోపల పురుళ్ళు జరుగుతున్నయి."

"చావింట్లో పురుళ్ళేందే?"

"చావు మైల ఇయ్యాళతో తీరుద్ది. ఇది ఇయ్యాళే మొదలైంది."

"ఏందో నీ గోల. గమ్మున ఓ మూల పడుకుంటాలే, నీ ఈగల జోలికి పోనుగా."

తలుపుకి వీపు ఆనించి నిలబడ్డట్టుంది, చెక్క కిర్రుమంది.

"నువ్వు పోవులే బావా, నాకు తెలుసు. తలుపు తీస్తే నీ భుజమ్మీద ఎక్కి ఆ అరటిగెల ఈగ ఒక్కటన్నా దూరుద్ది. అది దూరిందంటే మా చెల్లెలు ఓడిపోద్ది. పో, పోయి ఫ్యాను కింద కూర్చో."